ఏటి ఒడ్డుకు వెళ్లబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఆదివారం ఏటి ఒడ్డుకు పిట్టల్ని చూడ్డానికి వెళ్తున్నావని తెలిసి చాలా సంతోషించాను. వసంతం మొదట్లో వెళ్లడమే మంచిది. చాలా చెట్లకు ఇంకా ఆకు దట్టంగా పట్టి ఉండదు, కొమ్మ మీది పిట్ట తేలిగ్గా కనబడుతుంది. చలికాలానికి వచ్చిన బాతులు పూర్తిగా వెళ్లిపోయి ఉండవు, గూడు కట్టాల్సినవి అప్పుడే కూత మొదలుపెడతాయి.

తెల్లవారేసరికి అక్కడ ఉండు. పొద్దు పొడిచాక మొదటి రెండు మూడు గంటలే అసలు సమయం. ఎండ నీ వీపున పడే ఒడ్డు చూసుకో. ఎదురెండలో ఏ పిట్టయినా నల్లగానే కనిపిస్తుంది. ఎనిమిది రెట్లు చూపించే 8×42 బైనాక్యులర్ చాలు. పది రెట్లు చూపించేదానికి ఆశపడకు, చేతి వణుకునూ అది పెద్దది చేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఒకచోట కూర్చోవడం. ఒడ్డంతా తిరుగుతూ ఉంటే నిన్ను చూసి అన్నీ ముందే లేచిపోతాయి. ఏరు వంపు తిరిగేచోట, పొద పక్కన అరగంట కదలకుండా కూర్చో. బెదిరి వెళ్లినవి వాటంతటవే తిరిగొస్తాయి.

రంగు కోసం టెన్షన్ పడకు, ముందు కదలిక చూడు. నీటి అంచున ఒంటి వెనక భాగం ఆపకుండా ఊపుతూ తిరిగేది ఉల్లంకి. అది ఎగిరితే నీళ్లకు ఆనుకుని, రెక్కలు బిగబట్టి చకచకా కొట్టుకుంటూ పోతుంది. జిట్టంగి లేస్తూ, పడుతూ ఎగురుతుంది. నారాయణ పక్షి మెడ ముడుచుకుని, సారసం మెడ చాచి ఎగురుతాయి. రాయి మీద రెక్కలు విప్పుకుని నిలబడింది నీటికాకి. దాని ఈకలు తడుస్తాయి, అందుకే ఆరబెట్టుకుంటుంది.

గులకరాళ్ల తిన్నెల మీదికి మాత్రం అస్సలు వెళ్లొద్దు. ఈ కాలంలో ప్లవర్లనే చిన్న ఒడ్డు పిట్టలు అక్కడే నేల మీద గుడ్లు పెడతాయి, ఆ గుడ్లు రాళ్లలో కలిసిపోయి పక్కనే ఉన్నా కనబడవు. ఏ పిట్టయినా రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నీ ముందు పరుగెడితే, గూడు దగ్గర్లోనే ఉందని అర్థం. వచ్చిన దారినే వెనక్కి వచ్చేయ్. ఫోన్‌లో కూతలు వినిపించి పిలవడం కూడా వద్దు. పోటీకి ఇంకోటి వచ్చిందనుకుని అది మేత మానుకుని మరీ వెతుక్కుంటుంది.

నిలువుగా తెగిన మట్టిగట్టు కనిపిస్తే దూరం నుంచే గమనించు. చిన్న నీలి లకుముకి అందులో బొరియ తవ్వుకుని గుడ్లు పెడుతుంది. మగదానికి ముక్కు మొత్తం నలుపు, ఆడదానికి కింది సగం ఎర్రగా ఉంటుంది. చూసిందల్లా అక్కడికక్కడే నోట్‌బుక్‌లో రాసుకో, ఇంటికొచ్చాక గుర్తుండదు. లకుముకి కనిపిస్తే ముక్కు రంగు కూడా రాసి నాకు పంపు.

ఇట్లు,
మీ తాతయ్య