బార్సిలోనాలో ఒంటరిగా ఉందా? గ్రాసియా పేట జట్టును చూడు

ప్రశ్న: అన్నా, ఉద్యోగం మీద బార్సిలోనా వచ్చి ఎనిమిది నెలలైంది. ఆఫీసు, గది, మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు, అంతే. ఇక్కడివాళ్ళు ఒక్కరు కూడా స్నేహితులు కాలేదు. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, నాకు మొదటి ఏడాది సరిగ్గా ఇలాగే గడిచింది. ఆదివారం వచ్చిందంటే టెన్షన్. దాన్నుంచి నన్ను బయటపడేసింది ఒక చిన్న ఫుట్‌బాల్ జట్టు. అందరికీ తెలిసిన ఎఫ్‌సీ బార్సిలోనా, అంటే బార్సా కాదు, యూరోపా.

సగ్రదా ఫమీలియా చర్చి పక్కనుంచి వెళ్ళే సార్దెన్యా వీధి పట్టుకొని ఎగువకు ఇరవై నిమిషాలు నడిస్తే, ఇళ్ళ మధ్యలో ఒక స్టేడియం కనిపిస్తుంది. పేరు నౌ సార్దెన్యా. అది గ్రాసియా పేటవాళ్ళ జట్టుది. గ్రాసియా 1897 దాకా వేరే ఊరు. ఆ ఏడాదే బార్సిలోనాలో కలిపేశారు. ఇప్పటికీ అక్కడి పెద్దవాళ్ళు సిటీ సెంటర్‌కి వెళ్తూ ‘బార్సిలోనాకి దిగుతున్నాం’ అంటారు. ఆ మాటలోని అభిమానం అర్థమైతే వాళ్ళ జట్టూ అర్థమవుతుంది.

యూరోపా 1907లో రెండు చిన్న క్లబ్బులు కలిసి పుట్టింది. 1922-23లో కేటలోనియా, అంటే బార్సిలోనా ఉన్న ప్రాంతపు ఛాంపియన్‌షిప్ గెలిచింది. అప్పటికే పెద్ద జట్టయిన బార్సాను దాటి గెలిచింది! 1923 మేలో దేశం మొత్తానికి జరిగే కప్పులో ఫైనల్ చేరింది. ఆట లెస్ కోర్ట్స్ మైదానంలో, అంటే సొంత నగరంలోనే. అథ్లెటిక్ బిల్బావో చేతిలో 1-0తో ఓడిపోయింది. నా పక్క సీటులో కూర్చునే ఒక తాతగారు ఆ ఒక్క గోలు గురించి నిన్న జరిగినట్టు బాధపడుతూ చెప్పారు. ఆయన అప్పటికి పుట్టలేదు, వాళ్ళ నాన్న చూశారట.

1929లో స్పెయిన్ పై డివిజన్ లీగ్ లా లిగా మొదలైనప్పుడు ఉన్నవి పదే జట్లు. వాటిలో యూరోపా ఒకటి. ఈ సంగతి మన ఆఫీసుల్లో రోజూ ఫుట్‌బాల్ మాట్లాడేవాళ్ళలో కూడా చాలామందికి తెలియదు. రియల్ మాడ్రిడ్ లీగ్ చరిత్రలో మొట్టమొదటి మ్యాచ్ ఆడింది యూరోపాతోనే. 5-0తో యూరోపా ఓడింది, అందులో నాలుగు గోల్స్ లస్కానో ఒక్కడే వేశాడు. మూడు సీజన్లు పై డివిజన్‌లో ఉండి, 1931లో చివరి స్థానంతో కింద పడింది. డబ్బు ఇబ్బందులతో మరో క్లబ్బుతో కలిసి కటలూన్యా అనే పేరుతో ఆడబోయి, సీజన్ మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది. మళ్ళీ పై డివిజన్ ముఖం చూడలేదు. 1963 నుంచి ఐదేళ్ళు రెండో డివిజన్, ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇంకా కింది మెట్లు.

అన్నేళ్ళు కింద ఉన్న జట్టును పేట వదిలిపెట్టలేదు. నన్ను కట్టిపడేసింది అదే. 1997లో, మళ్ళీ 1998లో కేటలోనియా జట్ల మధ్య జరిగే కోపా కటలూన్యా అనే కప్పు గెలిచారు. రెండుసార్లూ ఫైనల్లో ఎదురైంది బార్సానే. 2021లో నాలుగో మెట్టుకు, 2025లో మూడో మెట్టుకు ఎక్కారు. ఆ 2025 రోజుల్లో మా వీధిలో బాల్కనీలకు కట్టిన తెల్ల, నీలం జెండాలు చూసి నాకు కళ్ళు చెమర్చాయి. చొక్కా తెల్లది, గుండె మీద ఇంగ్లీషు ‘V’ ఆకారంలో నీలం గీత. సన్యాసులు భుజాల మీద వేసుకునే ఎస్కపులారి అనే గుడ్డలా ఉంటుందని జట్టువాళ్ళను ‘ఎస్కపులాట్స్’ అంటారు.

ఇక నువ్వు చేయాల్సింది. ముందు మ్యాచ్ ఎప్పుడో, ఏ మైదానంలోనో క్లబ్ సైట్‌లో చూసుకో. ఆదివారం మధ్యాహ్నం ఆటలు ఉంటే వాటికే వెళ్ళు. ఆటకు ముందు చుట్టుపక్కల బార్లలో జనం వెర్మూత్ అనే వైన్ తాగుతూ గుమిగూడతారు, తాగనివాళ్ళు కాఫీ తీసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. శాకాహారివైతే టమాటా రుద్దిన రొట్టె, ‘పా అమ్ తుమాకెత్’ అని అడుగు. బంగాళాదుంప ‘త్రుయితా’లో గుడ్డు ఉంటుంది, చూసుకో.

అక్కడ వినపడేది ఎక్కువగా కటలాన్, అంటే కేటలోనియా సొంత భాష. స్పానిష్ వస్తే పని జరుగుతుంది, కానీ ‘బోన్ దియా’, ‘మెర్సీ’ అని రెండు ముక్కలు కటలాన్‌లో అన్నావంటే ఎదుటివాళ్ళ ముఖం విప్పారుతుంది. నేను క్లాసుల్లో నేర్చుకున్న దానికన్నా ఆ స్టేడియం మెట్ల మీద నేర్చుకున్నదే ఎక్కువ. పౌరసత్వానికి మన భారతీయులకు పదేళ్ళ నివాసం, ఆపైన స్పానిష్ పరీక్ష కావాలి కాబట్టి స్పానిష్ మాత్రం వదలకు.

రెండు మూడు ఆటలు చూశాక నచ్చితే సభ్యత్వం తీసుకో. సభ్యుణ్ణి ‘సోసి’ అంటారు. ప్రతి ఆటకూ అదే చోట కూర్చో, ముఖాలు గుర్తుపడతారు. మన ఊళ్ళో రచ్చబండ దగ్గర రోజూ కనిపించే మనిషిని పలకరించినట్టే ఇక్కడా పలకరిస్తారు. మాట నువ్వే మొదలుపెట్టాలనుకుంటే పక్కనున్న పెద్దాయనను ‘దెస్ దె క్వాన్ నెట్స్ సోసి?’ అని అడుగు. ఎప్పటినుంచి సభ్యులు అని అర్థం. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్న తాతగారిని నేను మొదట అడిగింది ఆ ప్రశ్నే.