మీ ప్రశ్నలకు డాక్టర్ జవాబులు: రొయ్యల దద్దుర్లు, మిర్చి యార్డు తుమ్ములు

ప్రశ్న: మా ఆవిడకి చిన్నప్పట్నుంచీ రొయ్యలంటే ప్రాణం, ఏనాడూ ఏమీ కాలేదు. ఈమధ్య మాత్రం రెండుసార్లు తిన్న పావుగంటకే ఒళ్లంతా దద్దుర్లొచ్చి పెదాలు వాచిపోయాయి. సెట్రిజిన్ వేస్తే దురద తగ్గింది గానీ వాపు తెల్లారేదాకా పోలేదు. ఇన్నేళ్లు లేంది ఇప్పుడెందుకొచ్చింది? ముందే ఒక టాబ్లెట్ వేసేసుకుని తినొచ్చా అని అడుగుతోంది. (పటమట, విజయవాడ)

జవాబు: ఆ ఆఖరిదానికి ముందు చెప్పేస్తానండి, వద్దు. అస్సలు వద్దు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మన చర్మం కింద, ముక్కులో, ఊపిరి గొట్టాల్లో, పేగు గోడల్లో మాస్ట్ సెల్స్ అని ఇమ్యూన్ సిస్టమ్ కణాలు ఉంటాయి. 1878లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ తన డాక్టరేట్ కోసం కణాలకి రంగులద్ది చూస్తుంటే వీటి కడుపు నిండా గింజలు గింజలుగా కనపడ్డాయి. ఆ గింజల్లో ఉండేదే అలర్జీ గొడవ తెచ్చే హిస్టమిన్ అనే రసాయనం, దాన్ని హిస్టిడిన్ అనే అమైనో ఆసిడ్ నుంచి ముందే తయారుచేసుకుని హెపారిన్‌తో కలిపి దాచిపెట్టుకుంటాయి, అంటే అప్పటికప్పుడు వండాల్సిన పనిలేదు, అందుకే మీ ఆవిడకి పావుగంటలో దద్దుర్లు.

ఇన్నేళ్లు ఎందుకు రాలేదంటే, అలర్జీకి ముందు ఒక చప్పుడులేని దశ ఉంటుంది. రొయ్యల్లో ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ ఉంది, దాన్ని ఒంట్లో ఇమ్యూన్ సిస్టమ్ ఎప్పుడో ఒకప్పుడు శత్రువనుకుని దాన్ని పట్టుకోడానికి ఐజీఈ అనే రకం యాంటీబాడీలు తయారుచేస్తుంది, అవి వెళ్లి మాస్ట్ సెల్స్ మీద అతుక్కుని కూర్చుంటాయి, ఈ టైములో మనిషికి ఏమీ తెలీదు. ఇది ఏ వయసులోనైనా జరగొచ్చు, రొయ్యలూ పీతల అలర్జీ పెద్దయ్యాక మొదలవడం మామూలే. ఇంకోటి, ఇంటి దుమ్ములో ఉండే సన్నటి పురుగులు, మైట్స్‌లోనూ బొద్దింకల్లోనూ దాదాపు ఇలాంటి ప్రోటీనే ఉంటుంది, కొందరికి గొడవ అక్కడ మొదలై రొయ్యల దాకా వస్తుంది.

ఆ తర్వాత ఎప్పుడో తిన్నప్పుడు ఆ ప్రోటీన్ ముక్క పక్కపక్కనే ఉన్న రెండు ఐజీఈలని ఒకేసారి పట్టుకుంటుంది. ఒక్కదాన్ని పట్టుకుంటే ఏం కాదు, రెండిటినీ కలిపి లాగాలి. అప్పుడు లోపల సిగ్నల్ నడిచి కణంలోకి కాల్షియం వస్తుంది, గింజలన్నీ కణం అంచుకొచ్చి బయటికి ఒలికిపోతాయి. ఆ హిస్టమిన్ సన్న రక్తనాళాల మీద హెచ్1 రిసెప్టార్లని (హిస్టమిన్ వచ్చి కూర్చునే చోట్లు) తాకితే నాళాలు వెడల్పై నీరు బయటికి ఊరుతుంది, నరాన్ని తాకితే దురద. ఈసారి ఒక దద్దురుని దగ్గరగా చూడండి, మధ్యలో కాస్త పాలిపోయి ఉబ్బుగా ఉంటుంది, అదే ఆ ఊరిన నీరు, చుట్టూ ఎర్రగా ఉండేది వెడల్పయిన నాళాలు.

ఇప్పుడు సెట్రిజిన్ సంగతి. అది హిస్టమిన్ ఒలికిపోకుండా ఆపదు, ఒలికినదాన్ని పట్టుకోదు కూడా, ఆర్టీసీ బస్సు సీట్లో కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు హెచ్1 రిసెప్టార్‌లో ముందు తను కూర్చుంటుంది అంతే. అప్పటికే ఊరిన నీరు మెల్లగా వెనక్కి పోవాల్సిందే, మీ ఆవిడకి తెల్లారేదాకా వాపు ఉన్నది అందుకే. పైగా మాస్ట్ సెల్ వదిలేది హిస్టమిన్ ఒక్కటే కాదు, ట్రిప్టేజ్ ఉంది, తర్వాత కొత్తగా తయారుచేసే ల్యూకోట్రియిన్లు, ప్రోస్టాగ్లాండిన్లు ఉన్నాయి, ఊపిరి గొట్టాల్ని బిగించడంలో ల్యూకోట్రియిన్లు హిస్టమిన్‌కి తాతలు, వాటి మీద సెట్రిజిన్ పప్పులుడకవు. ముందే టాబ్లెట్ వేసుకుని తింటే పైకి దద్దుర్లు కనపడకుండా లోపల గొంతు వాయడం, బీపీ పడిపోవడం నడిచిపోవచ్చు.

ఈసారి పొరపాటున తిన్నాక గొంతు బొంగురుపోయినా, ఆయాసమొచ్చినా, కళ్లు తిరిగినా టాబ్లెట్ వెతుక్కుంటూ కూర్చోకండి, 108కి ఫోన్ చేసి ఎమర్జెన్సీకి వెళ్లండి. అక్కడ తొడకి వేసే అడ్రినలినే అసలు మందు, అది నాళాల్ని బిగిస్తుంది, ఊపిరి గొట్టాల్ని తెరుస్తుంది, మాస్ట్ సెల్‌కి కాస్త బ్రేకు కూడా వేస్తుంది.

ప్రశ్న: మిర్చి యార్డులో గుమస్తాగా చేరాను సార్. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించేటప్పుడు తుమ్ములు, కళ్లల్లో నీళ్లు, ముక్కు కారడం. రోజూ ఎవిల్ అనే అలర్జీ మాత్ర వేస్తున్నా, నిద్ర తప్ప ఏం లేదు. మిరపకాయ నాకు అలర్జీనా? (గుంటూరు)

జవాబు: చాలామటుకు కాదండి. మిరపలో ఉండే క్యాప్సైసిన్ నేరుగా ముక్కులో నరాల మీద టీఆర్‌పీవీ1 అనే రిసెప్టార్‌ని తాకుతుంది. వేడి తగిలితే స్పందించేదీ ఇదే, దీన్ని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. ఇందులో ఐజీఈ పాత్ర లేదు, ఎవరికైనా వస్తుంది, మీకైనా నాకైనా. హిస్టమిన్ చెయ్యని పనికి హిస్టమిన్ మందేం చేస్తుంది చెప్పండి? పైగా ఎవిల్ పాత రకం, మెదడులోకి వెళ్లి నిద్ర తెప్పిస్తుంది, అది వేసుకుని బండి నడపడం మానేయండి. మంచి మాస్క్ కట్టుకోండి. క్యాప్సైసిన్ మళ్లీమళ్లీ తగులుతుంటే నరాలు కొంత మొద్దుబారతాయి, యార్డులో పాతకాపులు ఘాటులోనే నిలబడి టీ తాగేది అందుకే.

అయితే ఇంటి దగ్గర కూడా పొద్దున్నే వరసగా తుమ్ములు, కళ్ల దురద, రాత్రుళ్లు పిల్లికూతలు ఉంటే లెక్క వేరు, దుమ్మో బూజో అలర్జీ అయ్యుండొచ్చు. అప్పుడు ప్రిక్ టెస్ట్ (చర్మం మీద అనుమానమున్న పదార్థాల చుక్కలు పెట్టి సూదితో గుచ్చి చూసేది) చేయించుకోండి, కాకపోతే ఎవిల్, సెట్రిజిన్ లాంటివి వారం ముందే ఆపాలి. ఆ టెస్టులో పోలిక కోసం ఒక చుక్క హిస్టమిన్ కూడా పెడతారు, మీరు టాబ్లెట్ మీద ఉంటే అదే ఉబ్బదు, ఇంక టెస్టుకి అర్థం లేదు.

ప్రశ్న: కానాగంతల పులుసు తిన్న గంటలో ఇంట్లో నలుగురికీ మొహాలు ఎర్రబడి తలనొప్పి. అందరికీ ఒకేసారి అలర్జీ వస్తుందా? (మంగళగిరి రోడ్డు, గుంటూరు)

జవాబు: రాదు. ఇక్కడ హిస్టమిన్ మీ కణాల్లోంచి కాదు, చేపలోంచే వచ్చింది. ఈ జాతి చేపల్లో హిస్టిడిన్ ఎక్కువ, ఐస్ లేకుండా ఎండలో ఉంచితే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. సాధారణంగా కొన్ని గంటల్లో తగ్గిపోతుంది, దీనికి సెట్రిజిన్ బాగానే పనిచేస్తుంది, ఆయాసం గానీ వస్తే మాత్రం ఆస్పత్రికి వెళ్లండి. చేపలు మానక్కర్లేదు, ఐస్‌లో లేనివి ఎంత చవగ్గా ఇచ్చినా కొనకండి, ఒకసారి పుట్టిన హిస్టమిన్ పులుసు ఎంత మరిగించినా పోదు.