పోచంపల్లి చీరల వ్యాపారానికి ఏఐ డిజైన్లు, ఏఆర్ నిజంగా పనికొస్తాయా? ఎక్కడ మొదలుపెట్టాలి?

నాలుగైదు మగ్గాల మీద ఇక్కత్ చీరలు, జకార్డ్ అంచు చీరలు నేయించి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నామని రాశారు. ఏఐతో డిజైన్లు గీయించి, ఏఆర్‌లో (ఫోన్ కెమెరా దృశ్యంలో వస్తువు బొమ్మను కలిపి చూపించే పద్ధతి) చీర కట్టి చూపిస్తే అమెరికాలో ఉన్న మన కస్టమర్లు ఎక్కువ కొంటారా అని అడిగారు.

రెండూ పనికొస్తాయండి. ఒక్క గీత మాత్రం దాటకూడదు. డిజైన్ ఆలోచించే దశలో ఏఐని ఎంతైనా వాడుకోండి. కస్టమర్ పూర్తి డబ్బు కట్టేది ఏ బొమ్మ చూసో, ఆ బొమ్మలోని బట్ట మాత్రం మీ మగ్గం మీద నేసిన బట్టే కావాలి.

ముందు జకార్డ్ అంచు సంగతి చూద్దాం. చిల్లుల కార్డులను బట్టి హుక్కులతో పోగులను లేపి డిజైన్ తీసే పరికరమే జకార్డ్. పొరపాట్లు ఎక్కువగా జరిగేది అక్కడే. ఏఐ ఇచ్చే బొమ్మలో వేల రంగులుంటాయి, గీతల అంచులు మసకగా ఉంటాయి, కుడి అంచు ఎడమ అంచుతో అతకదు. మగ్గానికి కావలసింది గ్రాఫు కాగితం మీద ఉండేలాంటి గడులు. మీది 240 హుక్కుల జకార్డ్, పడుగు (నిలువు పోగులు) అంగుళానికి 80 పోగులు, హుక్కుకు రెండు పోగులు అనుకుందాం. అంటే అంగుళానికి 40 హుక్కులు, డిజైన్ వెడల్పు 6 అంగుళాలు. పేక (అడ్డపోగు) అంగుళానికి 72 ఉండి, డిజైన్ 5 అంగుళాలకొకసారి తిరిగి వస్తే 360 పేకలు. కాబట్టి మీ ఫైల్ 240 గడుల వెడల్పు, 360 గడుల ఎత్తు ఉండాలి. ఒకే జరీ అయితే 360 కార్డులు. రెండో రంగు బుటా కలిపితే, ఆ రంగు వచ్చే ప్రతి వరసకీ ఇంకో కార్డు, పేకను అటూ ఇటూ తీసుకెళ్లే నాడె ఇంకోసారి.

బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్ గింప్ ఉచితంగా దొరుకుతుంది, దీనికి అది చాలు. బొమ్మను 6:5 నిష్పత్తిలో కత్తిరించి, ఇండెక్స్‌డ్ మోడ్‌లోకి (లెక్కపెట్టిన కొన్ని రంగులే ఉండే మోడ్) మార్చి, రంగుల సంఖ్య 3 లేదా 4 పెట్టండి. డిథరింగ్ (చుక్కలు కలిపి మధ్య రంగు ఉన్నట్టు చూపించడం) తప్పనిసరిగా ఆపేయండి. లేకపోతే బొమ్మంతా చుక్కలు చల్లినట్టవుతుంది, ఆ చుక్కలు ఒక్కోటీ ఒక్కో పోగు మీద కూర్చుంటాయి. తరవాత 240 × 360కి కుదించండి, ఇంటర్‌పొలేషన్ (కుదించేటప్పుడు పక్క రంగులు కలపడం) 'నన్' ఉండాలి. ఇప్పుడు స్క్రీన్ మీద గుండ్రటి పువ్వు నిలువుగా సాగి కోడిగుడ్డులా కనిపిస్తుంది. దాన్ని సరిచేయకండి, అది సరిగ్గానే ఉంది. 2 అంగుళాల పువ్వుకు అడ్డంగా 80 గడులు, నిలువుగా 144 గడులు పడతాయి. స్క్రీన్ మీద గుండ్రంగా కనిపించాలని 80 × 80 చేస్తే, బట్ట మీద అది 2 అంగుళాల వెడల్పు, 1.1 అంగుళం ఎత్తుతో నొక్కేసినట్టు వస్తుంది.

అతుకు చూసుకోవడానికి గింప్‌లోని ఆఫ్‌సెట్‌లో వెడల్పు, ఎత్తు సగం సగం జరపండి. అతుకు బొమ్మ మధ్యలోకి వచ్చి కంటికి కనిపిస్తుంది, అక్కడ చేత్తో దిద్దాలి. ఒంటరి గడులు తీసేయండి. జరీ పేక ఎక్కడా పావు అంగుళానికి మించి పైన తేలకుండా మధ్యలో కట్టు గడులు వేయండి. పొడవుగా తేలిన పేక గాజులకి, ఉంగరాలకి తగిలి లేస్తుంది. ఏఐకి ఇదేమీ తెలియదు, పెద్ద పెద్ద నిండు ఆకులు గీసి పెడుతుంది. ఈ దిద్దుబాటు గ్రాఫ్ వేసే మనిషి పనే. ఆయన్ని తప్పించి డబ్బు మిగుల్చుకుందామనుకుంటే ఆ నష్టం మగ్గం దగ్గర తేలుతుంది.

నేయకముందే పోగులను కట్టి రంగులద్దే ఇక్కత్‌లో లెక్క వేరు. గ్రాఫ్‌లో గడి అంటే ఒక పోగు కాదు, కలిపి రబ్బరు చుట్టే పోగుల కట్ట. సన్నటి వంకర గీతలు అక్కడ మెట్లు మెట్లుగానే వస్తాయి. పైగా ఒక్కో రంగుకీ ఒక్కో విడత కట్టడం, అద్దడం, విప్పడం ఉంటుంది. లేత రంగు ముందు, ముదురు రంగు తరవాత. తెలుపు కాక మూడు రంగులు దాటిన డిజైన్ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టమనే నా సలహా. ఇక్కత్ పోగులను కట్టే ముందు మేకుల చుట్టూ చుట్టే పనిని చేసే చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం చేతి మీద పడే భారాన్ని నిజంగా తగ్గించింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది కూడా. ఏఐ అలాంటి భారం ఏదీ దించదు, గీసే సమయం మాత్రమే తగ్గిస్తుంది. కట్టడం, అద్దడం ఎప్పటిలాగే రోజులు పట్టే పనులు.

ఇంకో మాట. ఏఐని ఉత్త 'ఇక్కత్' అని అడిగితే చాలాసార్లు మధ్య ఆసియా తరహా బొమ్మలు వస్తాయి. మీ పాత గ్రాఫు ఫోటో ఇచ్చి, అందులో ఒక్క అంశం మాత్రమే మార్చమనండి. ఇచ్చే ముందు ఆ సర్వీసు సెట్టింగుల్లో మీ ఫైళ్లను శిక్షణకు వాడుకునే అనుమతి ఆపి ఉందో లేదో చూసుకోండి. తాతల నాటి గ్రాఫులు అలా చేజారనివ్వకూడదు.

వ్యాపారంలో అసలు లాభం నాకు కనిపించేది ముందస్తు బుకింగులో. ఏఐ వంద రకాలు చూపిస్తుంది, కానీ ఒక పడుగు వేశారంటే సాధారణంగా ఏడెనిమిది చీరలు దాని మీదే నేయాలి. అందుకని పడుగు రంగు, పడుగులో కట్టిన డిజైన్ ఖాయం చేసేసి పేక రంగు, కొంగు మాత్రమే మార్చి నాలుగైదు రకాలు గీయించండి. 'ఇది ఊహాచిత్రం, నేసిన చీర కాదు' అని బొమ్మ మీదే రాసి, తెలిసిన కస్టమర్లకి పంపి బుకింగ్ తీసుకోండి. చీర దిగాక ఫోటో పంపి, వాళ్లు సరేనన్నాకే మిగతా డబ్బు తీసుకోండి.

చీరను ఏఐ మోడల్ అమ్మాయికి కట్టించే యాప్‌లతో మాత్రం జాగ్రత్త. అవి మీ చీరను చూపించవు, దాన్ని చూసి కొత్తది గీస్తాయి. బుటాల లెక్క మారుతుంది, 4 అంగుళాల అంచు 6 అవుతుంది, జరీ గళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పార్సిల్ విప్పిన కస్టమర్‌కి అది మోసంలాగే కనిపిస్తుంది, ఆ కోపంలో న్యాయముంది. అంతగా కావాలంటే వెనక గోడ, తోట లాంటివి మాత్రం ఏఐతో మార్చండి, చీర భాగాన్ని మాస్క్ చేసి ముట్టుకోనివ్వకండి.

ఏఆర్‌కి కావలసిన 3డీ బొమ్మ చేయాలనుకుంటే బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో కట్టిన చీర ఆకారం ఒక్కసారి చేయించుకోండి. తరవాత చీర ఒంటి (మధ్య భాగం) రిపీట్, అంటే తిరిగి తిరిగి వచ్చే డిజైన్ ముక్క, అంచు రిపీట్, పూర్తి కొంగు విడివిడిగా తీసి దాని మీద వేస్తే చాలు. అంచును ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 300 డీపీఐలో తీయండి, ఒంటిని, కొంగును నీడ పట్టున పగటి వెలుతురులో గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) పెట్టి తీయండి. జరీకి వేరే మాస్క్ చేసి మెటాలిక్ (లోహంలా కనిపించడం) 1, రఫ్‌నెస్ (గరుకు) 0.4 దగ్గర పెట్టాలి, లేకపోతే పసుపు పెయింట్ పూసినట్టుంటుంది. ఫైల్ రకం ఆండ్రాయిడ్‌కి జీఎల్‌బీ, ఐఫోన్‌కి యూఎస్‌డీజెడ్. కొలతలు మీటర్లలో ఉండాలి, ఫైల్ 5 ఎంబీ లోపు ఉంటే ఫోన్లు ఇబ్బంది పడవు. అయితే జీఎల్‌బీలోంచి టెక్స్చర్ (ఆకారం మీద వేసిన బట్ట బొమ్మ) బయటికి తీయడం చాలా తేలిక. కొంగు ఫైల్ పెద్ద సైజులో పెడితే పాలిస్టర్ ప్రింటు వేసేవాళ్లకి డిజైన్ అప్పగించినట్టే. 1024 పిక్సెళ్లు దాటనివ్వకండి. నన్నడిగితే చీరకి వాట్సాప్ వీడియో కాల్ ఇప్పటికీ ఏఆర్ కంటే మేలు, బట్ట కదలిక అందులోనే తెలుస్తుంది. ఏఆర్ కర్టెన్లకి, కుషన్లకి బాగా నప్పుతుంది.

కొత్త డిజైన్‌కి రక్షణ కావాలంటే 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయవచ్చు. 10 ఏళ్లు, ఆపైన పొడిగిస్తే మరో 5. దరఖాస్తుకు ముందే ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే కొత్తదనం పోయినట్టే, రిజిస్ట్రేషన్ దక్కదు. బుకింగు కోసం పంపే ఊహాచిత్రాలకీ ఇదే వర్తిస్తుంది, దరఖాస్తు వేశాకే పంపండి. పోచంపల్లి ఇక్కత్‌కి 2005 నుంచి ఉన్న జీఐ (భౌగోళిక గుర్తింపు) ఆ పేరునే కాపాడుతుంది, మీ ఒక్కో డిజైన్‌ని కాదు.

మొదలుపెట్టడానికి ఒక్క జరీ అంచు చాలు. ఇప్పుడు మగ్గం మీదున్న పడుగు చివర, చీరలు దిగాక మిగిలే ముక్కలో రెండు రిపీట్లు, అంటే 10 అంగుళాలు నేయించి, స్క్రీన్ మీది ఫైల్ పక్కన పెట్టి చూడండి. పువ్వు ఆకారం, తేలిన పేక, అతుకు ఈ మూడూ సరిపోయాకే పూర్తి చీరకు కార్డులు కొట్టించండి.