స్పెషల్ ఆర్డర్ పీసీకి ఇచ్చిన అడ్వాన్స్ తిరిగి రాదంటే ఒప్పుకోవచ్చా?

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పీసీ కట్టించుకుంటున్నారు, స్టాకులో లేని గ్రాఫిక్స్ కార్డు తెప్పించాలంటే సగం అడ్వాన్స్ కావాలన్నారు, ఆర్డర్ వేశాక క్యాన్సిల్ లేదన్నారు. ఇదే కదా మీ ప్రశ్న?

ఇవ్వొచ్చు, అందులో మోసమేమీ లేదు. మామూలు కార్డయితే మీరు వద్దన్నా సాయంత్రానికి ఇంకొకరికి అమ్ముకుంటారు. మీకోసమే డిస్ట్రిబ్యూటర్ దగ్గర తెప్పించింది మాత్రం షాపులోనే పడి ఉంటుంది.

కానీ మనసు మారితే వాపసు లేదనడం వేరు, పాడైన సరుకైనా వాపసు లేదనడం వేరు. రెండోది చెల్లదు. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం అనుచిత వ్యాపార విధానం. మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

అసలు టెన్షన్ కొటేషన్ దగ్గరే. నేనోసారి '16 జీబీ ర్యామ్' అని మాత్రమే ఉన్న కాగితం మీద సంతకం పెట్టాను. జంటగా ఉంటే వేగం బాగుంటుందని రెండు 8 జీబీ స్టిక్కులు వస్తాయనుకుంటే 16 జీబీది ఒక్కటే వచ్చింది. అడిగితే కాగితం చూపించారు, ఏమంటాం! అందుకే ప్రతి పార్టుకీ పూర్తి మోడల్ నంబరు, 18 శాతం జీఎస్టీ ధరలో కలిసిందా లేదా, ఎన్నాళ్లలో వస్తుంది, ఆలస్యమైతే అడ్వాన్స్ సంగతేమిటి, అన్నీ రాయించుకోండి. ప్రాసెసర్ కంపెనీ సీల్డ్ బాక్సులో వచ్చేదా, బాక్సు లేకుండా విడిగా అమ్మే ట్రేదా అని కూడా అడగండి. ట్రేదైతే తయారీ కంపెనీ మీకు నేరుగా వారంటీ ఇవ్వదు, షాపువాళ్ల మాటే దిక్కు.