గ్యాస్ చాప్టర్ రాలేదని కెమిస్ట్రీనే వదిలేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతోంది. మ్యాథ్స్ బాగా చేస్తుంది. కెమిస్ట్రీలో మాత్రం స్టాయికియోమెట్రీ (చర్యలో ఏ పదార్థం ఎంత కావాలో, ఎంత వస్తుందో చెప్పే లెక్కలు), వాయువుల చాప్టర్లకు వీక్లీ టెస్టుల్లో సగం మార్కులు కూడా రావడం లేదు. అవి వదిలేసి మ్యాథ్స్ మీద పెట్టమని కొందరు అంటున్నారు. జేఈఈ మెయిన్‌లో వాయువుల చాప్టర్ తీసేశారని కూడా విన్నాను. ఎలాగూ సీఎస్‌ఈ ఏఐఎంఎల్‌లోనే (కంప్యూటర్ సైన్స్‌లో ఏఐ, మెషిన్ లెర్నింగ్) చేర్పిస్తాం. తనేమో కెమికల్ ఇంజినీరింగ్ గురించి అడుగుతోంది. కెమిస్ట్రీ రాని పిల్లకు అదెందుకు? పైగా వైజాగ్ గ్యాస్ లీక్ చూశాక ఆ లైన్ అంటేనే భయంగా ఉంది. రెండు బ్రాంచిలనూ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, మంచిర్యాల

జవాబు: మీరు అడిగింది రెండు బ్రాంచిల తేడా గురించి. కానీ ప్రశ్న మొత్తం చదివితే మీ టెన్షన్ బ్రాంచి గురించి కాదని తెలుస్తోంది. టెన్త్ దాకా ముందున్న పిల్ల హాస్టల్‌కి వెళ్లాక వెనకబడిపోతోందేమో, ఈ రెండేళ్లు చేజారితే ఇక అంతేనేమో అన్నది మీ భయం. ముందు దానికి జవాబు చెబుతాను. మీ అమ్మాయి వెనకబడలేదు. మ్యాథ్స్ బాగా చేసే పిల్లలు ఫస్టియర్‌లో సరిగ్గా ఈ రెండు చాప్టర్ల దగ్గరే తడబడటం నేను ప్రతి ఏడాదీ చూస్తున్నాను. దానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు. మ్యాథ్స్‌లో అంకెకు ప్రమాణం ఉండదు, ఐదంటే ఐదే. కెమిస్ట్రీలో ఐదు గ్రాములా, ఐదు లీటర్లా, ఐదు మోల్సా (మోల్ అంటే అణువులను లెక్కపెట్టే ప్రమాణం) అన్నది తేలకుండా లెక్క మొదలే కాదు. ఈ అలవాటు మార్చుకోవడానికి కొంత టైమ్ పడుతుంది. హాస్టల్ టైమ్‌టేబుల్ ఆ టైమ్ ఇవ్వదు.

ఒక లెక్క చెబుతాను, ఆదివారం ఫోన్ చేసినప్పుడు తననే అడగండి. 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న వాయువును, పీడనం మార్చకుండా, 54 డిగ్రీలకు వేడి చేస్తే ఘనపరిమాణం ఎంత పెరుగుతుంది? మ్యాథ్స్ బాగా వచ్చిన పిల్ల 27కి 54 రెట్టింపు కాబట్టి ఘనపరిమాణం కూడా రెట్టింపు అనేస్తుంది. కానీ వాయువు లెక్క కెల్విన్‌లో, అంటే సెల్సియస్‌కు 273 కలిపి, నడుస్తుంది. 300 కెల్విన్ 327 అయింది, అంతే. అంటే పెరిగింది తొమ్మిది శాతం. సూత్రం తెలిసీ జవాబు తప్పింది. ఇలాంటి తప్పు నాలుగు ప్రశ్నల్లో జరిగితే వీక్లీ టెస్టులో సగం మార్కులు పోతాయి. మీకొచ్చే మెసేజ్‌లో మార్కులు మాత్రమే ఉంటాయి, తప్పు ఎక్కడ జరిగిందో ఉండదు.

ఇంకొకటి. 28 గ్రాముల నైట్రోజన్, 3 గ్రాముల హైడ్రోజన్ ఉన్నాయి. చర్య పూర్తిగా జరిగితే ఎంత అమ్మోనియా వస్తుంది? కొందరు రెండూ కూడేసి 31 అంటారు. సమీకరణం (N₂ + 3H₂ → 2NH₃) బట్టీ పట్టినవాళ్లు 34 అంటారు. 28 గ్రాముల నైట్రోజన్ మొత్తం మారాలంటే 6 గ్రాముల హైడ్రోజన్ కావాలి. మన దగ్గర ఉన్నది మూడే. కాబట్టి హైడ్రోజన్ అయిపోయిన చోట చర్య ఆగిపోతుంది. వచ్చేది 17 గ్రాముల అమ్మోనియా, 14 గ్రాముల నైట్రోజన్ అలాగే మిగిలిపోతుంది. ఆ రెండూ కలిపి చూడండి, మళ్లీ 31 వస్తుంది. పదార్థం ఎక్కడికీ పోలేదు. ఈ ఒక్క లెక్క సూత్రం చూడకుండా సొంత మాటల్లో చెప్పగలిగితే స్టాయికియోమెట్రీలో కష్టమైన భాగం దాటేసినట్టే.

చాప్టర్ తీసేశారన్న మాట సగం నిజం. 2024 నుంచి జేఈఈ మెయిన్ సిలబస్‌లో వాయువులు వచ్చే పదార్థ స్థితుల చాప్టర్ లేదు. అడ్వాన్స్‌డ్‌లో ఉంది. మెయిన్‌లో కూడా చాప్టర్ పేరు పోయింది కానీ అందులోని వాయు సమీకరణం పోలేదు. సమతాస్థితిలో కేపీ, కేసీ అనే స్థిరాంకాల సంబంధం కావాలన్నా, థర్మోడైనమిక్స్‌లో ఎంథాల్పీకీ అంతర్గత శక్తికీ తేడా కట్టాలన్నా, ఎలక్ట్రోకెమిస్ట్రీలో ఎంత వాయువు వెలువడిందో చెప్పాలన్నా అదే పీవీ ఈక్వల్స్ ఎన్ఆర్‌టీ. ఇప్పుడు వదిలేస్తే ముందుముందు మూడు చోట్ల దెబ్బ తగులుతుంది. వదిలేయమని సలహా ఇచ్చినవాళ్లెవరో, అప్పుడు వాళ్లు మీ పక్కన ఉండరు.

మీది మంచిర్యాల అన్నారు కాబట్టి ఒక మాట అడుగుతాను. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ మీదుగా ఎన్నిసార్లు వెళ్లి ఉంటారు? బొగ్గుతో నడిచిన పాత ఫ్యాక్టరీ 1999లో మూతపడింది. సహజవాయువుతో నడిచే కొత్తది 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది, ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. మీ అమ్మాయికి మార్కులు రాని రెండు చాప్టర్లూ అక్కడ కలిసే పనిచేస్తున్నాయి. గాలిలోంచి నైట్రోజన్, సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసి, యూరియాకు కావాల్సిన అమ్మోనియా చేస్తారు. నాలుగు ఘనపరిమాణాల వాయువు కలిసి రెండు ఘనపరిమాణాల అమ్మోనియా అవుతుంది, అంటే చోటు తగ్గుతుంది. అందుకే వంద వాతావరణాలకు మించిన పీడనంతో నొక్కుతారు. ఈ చర్యలో వేడి బయటికి వస్తుంది కాబట్టి చల్లగా ఉంచితే ఎక్కువ అమ్మోనియా రావాలి. కానీ చల్లగా ఉంటే చర్య నత్తనడక నడుస్తుంది. అందుకే ఇనుము ఉత్ప్రేరకం పెట్టి 400, 500 డిగ్రీల మధ్య రాజీ పడతారు. ఒక్కసారి పంపితే కొంత భాగమే అమ్మోనియా అవుతుంది. దాన్ని చల్లబరిచి ద్రవంగా తీసేసి, మిగిలిన వాయువుల్ని మళ్లీ లోపలికి తిప్పుతారు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త హేబర్ 1909లో ప్రయోగశాలలో చూపించిన ఈ చర్యను 1913లో జర్మనీలో ఫ్యాక్టరీకి ఎక్కించారు. వందేళ్లు దాటినా మన పొలాలకు వచ్చే యూరియా దాని మీదే ఆధారపడి ఉంది. హాస్టల్ నోట్స్‌లో ఇదంతా రెండు లైన్లు, ఒక బాణం గుర్తు.

ఇక్కడ మిమ్మల్ని కాస్త గట్టిగానే అడగాలి, ఏమీ అనుకోకండి. మార్కులు రాని సబ్జెక్టు గురించి పిల్ల తనంతట తాను అడుగుతోందని మీరే రాశారు. ఎందుకు అడుగుతోందో మీరు తనని అడిగారా? ‘కెమిస్ట్రీ రాని పిల్ల’ అని రాసేశారు. ఈ మాట తన ముందు కూడా అన్నారని నా అనుమానం. పదహారేళ్ల పిల్ల దాన్ని మనసులో పెట్టుకుంటే పరీక్ష హాల్లో పేపర్ చూడకముందే చేతులెత్తేస్తుంది. వారానికోసారి వచ్చే మార్కుల మెసేజ్ పట్టుకుని ఫోన్లో నిలదీయడం దయచేసి మానండి. ఫీజు మీరు కడుతున్నారు, నిజమే. దానికి లెక్చరర్‌ని అడగండి, తప్పు ఎక్కడ జరుగుతోందో ఆన్సర్ షీట్ చూపించమనండి. అది మీ హక్కు. పిల్లని మాత్రం తిన్నావా అని అడగండి.

ఇక ఏఐఎంఎల్ సంగతి. ‘ఎలాగూ’ అన్న మీ మాట దగ్గరే నాకు అభ్యంతరం. కంప్యూటర్ సైన్స్ మంచి బ్రాంచి, అందులో అనుమానం లేదు. మంచి కాలేజీలో సీటు వచ్చి, పిల్లకు ఇష్టమై ఉంటే నేను ఒక్క మాట అడ్డు చెప్పను. నా సందేహమంతా ఆ బ్రాంచి పేరు వెనక బ్రాకెట్లో తగిలించే రెండు మూడు అక్షరాల మీద. సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని ఈ పేర్లతో సెక్షన్లు పెంచిన కాలేజీలు మన దగ్గర చాలా ఉన్నాయి. అక్కడ మెషిన్ లెర్నింగ్ చెప్పేది ఎవరు, వాళ్లు ముందు ఏం చెప్పేవారు, ల్యాబ్‌లో పిల్లలకు ఏం చేయిస్తారు అని ఎంతమంది తల్లిదండ్రులు అడుగుతున్నారు? బస్సు రూటు, హాస్టల్ భోజనం అడిగి వచ్చేస్తున్నారు. ఏఐలో అసలు పని చేయాలంటే లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ లోతుగా రావాలి. అవి మామూలు సీఎస్‌ఈలోనూ నేర్చుకోవచ్చు, పట్టుదల ఉంటే కెమికల్‌లో ఉండి కూడా నేర్చుకోవచ్చు. పైగా ఫ్రెషర్లకు ఇచ్చే చిన్నచిన్న కోడింగ్ పనుల్లోకే ఈ ఏఐ టూల్స్ ముందుగా దూరాయి. మీ అమ్మాయి బీటెక్ పూర్తి చేసేసరికి ఇంకా ఐదేళ్లకు పైనే ఉంది. అప్పటికి ఉద్యోగాలు ఎలా ఉంటాయో ఇప్పుడే గ్యారంటీ ఇచ్చేవాళ్లను నేను నమ్మను. మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు పోసి, ఎకరం అమ్మి మరీ ఆ సీటు కొనే ఆలోచన ఉంటే దయచేసి విరమించుకోండి. అన్నట్టు, చాలా కాలేజీల్లో బీటెక్ మొదటి ఏడాది కంప్యూటర్ సైన్స్ పిల్లలకు కూడా ఇంజినీరింగ్ కెమిస్ట్రీ పేపర్ ఉంటుంది. అక్కడ దాన్నుంచి తప్పించుకునే దారి లేదు.

పోలిక అడిగారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. సాఫ్ట్‌వేర్‌లో హైదరాబాద్‌లోనే ఉద్యోగం దొరికే అవకాశం ఎక్కువ. కెమికల్‌లో ఫ్యాక్టరీ ఎక్కడుంటే అక్కడికి వెళ్లాలి, షిఫ్టులుంటాయి, మొదటి జీతం చూసి మీ బంధువులు పెదవి విరుస్తారు. మరోవైపు, పెద్ద ఐటీ కంపెనీలు చాలావరకు ఏ బ్రాంచి వాళ్లనైనా తీసుకుంటాయి, కాబట్టి కెమికల్ చదివినా ఆ తలుపు మూసుకోదు. సీఎస్‌ఈ చదివినవాళ్లు మాత్రం రిఫైనరీ ప్రాసెస్‌లోకి వెళ్లలేరు. ఫార్మా, ఎరువులు, పెట్రోలియం, ప్రభుత్వ రంగ చమురు సంస్థలు ఈ వైపు ఉన్న దారులు. అయితే కెమికల్ ఏదో ఒక కాలేజీలో చదవాల్సిన బ్రాంచి కాదు. వరంగల్ ఎన్‌ఐటీ, ఉస్మానియా టెక్నాలజీ కాలేజీ లాంటివి వస్తేనే తీసుకోండి. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు వస్తే ఐఐటీలతో పాటు విశాఖలోని పెట్రోలియం, ఎనర్జీ ఇన్‌స్టిట్యూట్ కూడా చూడొచ్చు.

వైజాగ్ భయాన్ని నేను కొట్టిపారేయను. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో పన్నెండు మంది ప్రాణాలు పోయాయి. అక్కడి ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం) దానంతటదే పాలిమర్‌గా, అంటే అణువులు గొలుసులా కలిసిపోయి, మారడం మొదలైంది. ఆ చర్యలో పుట్టిన వేడితో చర్య ఇంకా వేగం పుంజుకుంది, ఆవిరి బయటికి తన్నుకొచ్చింది. స్టైరీన్ అణుభారం 104, గాలి సగటు 29. గాలికన్నా బరువైన ఆవిరి పైకి పోకుండా నేలబారున ఇళ్ల మధ్యకు పాకింది. ట్యాంకును చల్లగా ఉంచే ఏర్పాట్లు, భద్రతా పద్ధతులు సరిగా లేవని విచారణ కమిటీ తేల్చింది. మీ వంటింటి గ్యాస్ కూడా గాలికన్నా బరువైనదే. 14.2 కిలోల సిలిండర్‌లో ద్రవంగా ఒదిగిన గ్యాస్ బయటికొస్తే మన వేడికి 6,000 లీటర్ల పైమాటే, అదీ నేలనే అంటిపెట్టుకుంటుంది. ట్యాంకు ఉష్ణోగ్రత రోజూ చూసి, ఇది పెరగకూడదు అని ఆపించగలిగే ఇంజినీర్లు లేకపోతేనే అలాంటివి జరుగుతాయి. మీ అమ్మాయి ఆ సీట్లో కూర్చుంటే ప్రమాదం దగ్గరికి వెళ్లినట్టు కాదు, దాన్ని ఆపే పనిలో ఉన్నట్టు. ప్రాసెస్ సేఫ్టీ అనే ఈ రంగానికి శిక్షణ ఉన్న మనుషులు ఇంకా కావాలి.

ఇప్పటికైతే బ్రాంచి మాట పక్కన పెట్టండి. వచ్చే మూడు నాలుగు వారాలు రోజుకో అరగంట మోల్, కెల్విన్, మిగిలిపోయే పదార్థం, ఈ మూడింటి మీదే చిన్న లెక్కలు చేయమనండి. ప్రతి అంకె పక్కన ప్రమాణం రాయాలి, షార్ట్‌కట్ వద్దు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు రామగుండం వైపు ఒకసారి తీసుకెళ్లండి, లోపలికి వెళ్లడం కుదరకపోయినా పర్వాలేదు. అక్కడ పనిచేసే ఇంజినీర్ ఎవరైనా మీకు తెలిసినవాళ్లలో ఉంటే తనని ఒక గంట మాట్లాడనివ్వండి, మీరు పక్కన కూర్చోకుండా. వెబ్ ఆప్షన్లు పెట్టే నాటికి ఏ బ్రాంచి ముందు, ఏది వెనక అన్న లిస్టు తననే రాయమనండి. అది చూశాక మీకింకా సందేహాలుంటే తన ర్యాంకుతో సహా మళ్లీ రాయండి.