నొక్కుకుపోని ప్యాడ్

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి నీ పీహెచ్‌డీ సంగతి చెప్పాడు. వెన్నెముక వంకర ఉన్న పిల్లలకి గట్టి ప్లాస్టిక్ బెల్టు బదులు, గాలి నింపితే బిగిసి, గాలి తీస్తే మెత్తబడే సిలికాన్ బెల్టు చేస్తావట కదా. వాడికి సగమే అర్థమైంది. నాకు మొత్తం అర్థమై నిద్ర పట్టలేదు. మన ఇంటి పిల్ల ఇంత పనికి పూనుకుందని ఎంత గర్వంగా ఉందో, అంత భయంగానూ ఉంది. ముప్ఫై ఏళ్ల కిందట నేనూ ఆ బెల్టు మీదే పనిచేశాను. ఆ సంగతి మీ నాన్నకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ముందు తేలికైనవి చెప్పేస్తాను. ప్లాటినంతో గట్టిపడే సిలికాన్ (ప్లాటినం క్యూర్) పోసేటప్పుడు లేటెక్స్ గ్లోవ్స్ వేసుకోకు. వాటిలోని గంధకం తగిలిన చోట ఎన్ని రోజులైనా జిగురుగానే ఉండిపోతుంది. ఒంటికి తగిలే ప్రతి పొరకీ, శరీరానికి హాని చెయ్యదని తేల్చే ఐఎస్‌ఓ 10993 పరీక్షలు ముందే చేయించు. ఎథిక్స్ కమిటీ కాగితాలు చివరి వారానికి పెట్టుకోకు. పిల్లల మీద చేసే పరిశోధనకి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. తల్లిదండ్రుల సంతకం ఒక్కటే చాలదు, పన్నెండు దాటిన పిల్లలు తమకీ ఇష్టమేనని రాసి ఇవ్వాలి. ఆ రెండో కాగితం దగ్గర కాసేపు కూర్చో. నేను పనిచేసిన చోట అలాంటి కాగితమే లేదు.

అప్పట్లో మేం ఒక ఆస్పత్రితో కలిసి బెల్టు లోపలికి ఫోమ్ తయారుచేసేవాళ్లం. పైన పాలీప్రొపిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ గుల్ల, లోపల నా ఫోమ్. వంపు ఎక్కువగా ఉన్న చోట పక్కటెముకల్ని నొక్కిపట్టడానికి మందమైన ప్యాడ్ వేస్తాం. ఒక అమ్మాయి వచ్చేది, పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. మడిచి కట్టిన రెండు జడలు, నీలం రిబ్బన్లు. ఎక్స్‌రేలో కాబ్ యాంగిల్, అంటే వెన్ను వంపు కొలత, 28 డిగ్రీలు. ఎప్పుడొచ్చినా వాళ్లమ్మే మాట్లాడేది. "స్నానానికి తప్ప తియ్యట్లేదమ్మా" అనేది. పిల్ల గోళ్లు చూసుకుంటూ నిలబడేది. నేను ఆ పిల్లని ఒక్క మాటా అడగలేదు. అడగాలనే తోచలేదు.

ఆరు నెలలయ్యాక ఆ బెల్టు తెప్పించి నా బల్ల మీద పెట్టుకున్నాను. ప్యాడ్ మందం కొలిచాను. ఇచ్చినప్పుడు 12 మిల్లీమీటర్లు, అప్పుడూ 12 మిల్లీమీటర్లే. అంచులు తెల్లగా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్త చెప్పుల వాసన. ఎంత సంబరపడ్డానో! ఆరు నెలలు ఒంటి మీద ఉండి కూడా ఏమాత్రం నొక్కుకుపోని ఫోమ్ అని రిపోర్టులో రాశాను. ఆ సాయంత్రం ల్యాబ్‌లో అందరికీ కాజాలు పంచాను.

తర్వాతి ఎక్స్‌రేలో 41 డిగ్రీలు. ఫోమ్ మరీ మెత్తగా ఉందేమో అన్నారు డాక్టరుగారు. నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. నా ఫోమ్‌కి ఏమీ కాలేదు, పిల్లే సరిగ్గా బిగించుకోవట్లేదని ఆ పిల్ల ఎదురుగానే అన్నాను. వాళ్లమ్మ ఆ వంకర వీపు మీదే ఒక్కటి వేసింది. ఆ చప్పుడు ఈ ఉత్తరం రాస్తుంటే మళ్లీ వినిపిస్తోంది.

పిల్ల నోరు విప్పింది నా దగ్గర కాదు, బయట వరండాలో ఆయా దగ్గర. పొద్దున బడికి వెళ్తూ దారిలో స్నేహితురాలి ఇంట్లో బెల్టు విప్పి బియ్యం డబ్బా వెనక దాచేదట. రాత్రి దుప్పటి కప్పుకున్నాక పట్టీలు వదులు చేసేదట. క్లాసులో వెనక బెంచీ పిల్లలు స్కేలుతో ఆ ప్లాస్టిక్ మీద టకటకా కొట్టి "ఎవరండీ లోపల?" అనేవాళ్లట. ఇక వేసవిలో నా ఫోమ్ చుక్క చెమట పీల్చదు. చంకల కింద, నడుం చుట్టూ చెమటకాయలు చితికి పుండ్లు పడ్డాయి. ఇంట్లో చెబితే, రేపు పెళ్లెలా అవుతుందని అమ్మ ఏడుస్తుంది. అందుకని చెప్పలేదు. ఏడాదిన్నరకి వంపు 50 దాటింది. ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. పళ్లు పట్టుకుని చూడ్డానికి వెళ్లాను. గోడవైపు తిరిగి పడుకుంది. తప్పు నాదేనమ్మా అనాలని వెళ్లి, అనకుండానే వచ్చేశాను.

2013లో ఈ బెల్టుల మీద అమెరికా, కెనడా ఆస్పత్రులు చేసిన బ్రెయిస్ట్ అధ్యయనం వచ్చింది. నువ్వు చదివే ఉంటావు. బెల్టు ఇవ్వకుండా డాక్టర్లు ఊరికే గమనిస్తూ వచ్చిన పిల్లల్లో 48 శాతం మందికి వంపు 50 డిగ్రీలకి చేరకుండా ఎదుగుదల పూర్తయింది, బెల్టు ఇచ్చినవాళ్లలో 72 శాతానికి. బెల్టులో ఉష్ణోగ్రత కొలిచే చిన్న పరికరం పెట్టి, నిజంగా ఎన్ని గంటలు వేసుకున్నారో లెక్కగట్టారు. రోజుకి దాదాపు పదమూడు గంటలు దాటినవాళ్లలో 90 శాతం పైగా గట్టెక్కారు. అది చదివి పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. నా దగ్గర అలాంటి పరికరం లేదు. కానీ నొక్కుకుపోని ఆ ప్యాడ్ చేతిలోనే ఉంది కదా, చిట్టీ. ఈ బెల్టు ఎవరూ వేసుకోలేదని అది చెబుతూనే ఉంది. నేను కాజాలు పంచాను.

అందుకే నీ బెల్టులో సెన్సర్ పెడితే, ఆ లెక్క ముందు పిల్లకే చూపించు, అమ్మకి తర్వాత. పిల్లతో మాట్లాడేటప్పుడు పెద్దవాళ్లని బయట కూర్చోమను. నెలసరి రోజుల్లో నడుం ఉబ్బుతుందని ఏ ఆడపిల్లా మగ డాక్టరుకి తనంతట తాను చెప్పదు, నువ్వే అడగాలి. బడి బాత్రూంలో బెల్టు తగిలించడానికి కొక్కెం ఉండదు, కింద తడి. ఒంటిచేత్తో విప్పి తొడుక్కునేలా చెయ్యి.

నాకు అన్నిటికన్నా టెన్షన్ బెల్టులోకి గాలి నింపే ఆ పంపు గురించి. పరీక్ష హాల్లో అందరూ నిశ్శబ్దంగా రాస్తుంటే ఆ పిల్ల నడుం దగ్గర ర్‌ర్‌మని మోగితే? ఆ ఒక్కసారితో నీ బెల్టు కూడా బియ్యం డబ్బా వెనక్కి వెళ్లిపోతుంది. సిలికాన్ కూడా చెమట పీల్చదని మర్చిపోకు. నువ్వు తయారుచేసిన మొదటిది నువ్వే తొడుక్కో, ఏసీ ల్యాబులో కాదు, మే నెలలో ఆర్టీసీ బస్సులో.

గాలి నింపితే కండరంలా బిగిసే నీ బెల్టుకి మూలమైన గాలి కండరాలు 1950ల్లో మెకిబెన్ అనే ఫిజిక్స్ శాస్త్రవేత్త పోలియో వచ్చిన తన కూతురి చేతి కోసం చేసినవే. మన హైదరాబాద్‌లో కలాం గారు పోలియో పిల్లల కాళ్లకి కట్టే మూడు కిలోల ఇనుప కాలిపర్లని క్షిపణుల మెటీరియల్‌తో 300 గ్రాములకి తెచ్చారని అందరూ చెప్పుకుంటారు. నిమ్స్ డాక్టరు పిలిస్తే ఆయన ముందు వార్డుకి వెళ్లి, ఆ ఇనుము ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లల్ని చూసొచ్చారు. నేను ల్యాబ్‌లో కూర్చుని ఫోమ్‌నే చూశాను.

కోప్పడుతున్నానని అనుకోకు. చిన్నప్పుడు నా ల్యాబ్ కోటు వేసుకుని ఇల్లంతా ఊడ్చేదానివి, అదే గుర్తొస్తోంది. ఆ ప్యాడ్ ఇంకా బీరువాలో పట్టుచీరల కింద ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇస్తాను, నీ బల్ల మీద పెట్టుకో. బస్సెక్కే ముందు ఫోన్ చెయ్యి. నువ్వొచ్చేసరికి పులిహోర కలిపి ఉంచుతాను.

ఆశీస్సులతో,
నీ అత్తయ్య