వార్డులో పాఠం చెప్పబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో జనరల్ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరుతున్నావనీ, మూడో ఏడాది పిల్లలకు రోగి మంచం పక్కన చెప్పే పాఠాలు, అదే క్లినిక్స్, నువ్వే తీసుకుంటావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం పట్టలేక ఇరుగుపొరుగు అందరికీ చెప్పుకున్నాను. రాత్రికి మాత్రం దిగులు పట్టుకుంది. కొత్త రోగులను చేర్చుకునే అడ్మిషన్ డే మర్నాడు మెడికల్ వార్డు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒకపక్క హౌస్ సర్జన్లు రక్తం శాంపిల్స్ తీస్తుంటారు, ఇంకోపక్క రోగుల బంధువులు కేస్ షీటు పట్టుకుని నీకోసమే వెతుకుతుంటారు. ఆ సందడిలో నిలబడి ముప్పై మందికి పాఠం చెప్పాలి.

కేసును ముందే చూసిపెట్టుకోవడం, చేతులు కడుక్కోవడం, రోగి అనుమతి అడగడం, తెర వేయించడం నీకు తెలియనివి కావు. క్షయ అనుమానం ఉన్న మంచం దగ్గరికి మాస్కు లేకుండా ఎవరినీ పోనివ్వకు, నువ్వూ పోకు. చిన్నప్పుడు నిన్ను నెలలపాటు పీడించిన దగ్గును నేను మరచిపోలేదు.

అసలు చెప్పదలచినది వేరు. నేను చదువుకునే రోజుల్లో మా యూనిట్ సారుకు మైట్రల్ స్టెనోసిస్, అంటే గుండెలో ఒక కవాటం సన్నబడే జబ్బు, ఉన్న ఒక పల్లెటూరి ఆమె దొరికింది. రుమాటిక్ జ్వరం వల్ల గుండె కవాటాలు పాడైన రోగులు అప్పట్లో వార్డులో ఎప్పుడూ ఉండేవారు గాని, ఈమె మర్మర్, అంటే గుండె చప్పుళ్ల నడుమ వినిపించే గురగుర, చాలా స్పష్టంగా ఉందనీ, పరీక్షలో ఇదే లాంగ్ కేస్‌గా, అంటే పూర్తిగా పరీక్షించి వివరించాల్సిన కేసుగా, వస్తుందనీ, అందరూ వినితీరాలనీ చెప్పి ఆయన ఓపీకి వెళ్లిపోయారు. రోగిని ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టి, స్టెతస్కోప్‌కు గిన్నెలా ఉండే వైపును, అదే బెల్‌ను, గుండె కొన అయిన ఏపెక్స్ మీద తేలికగా ఆనించి, ఊపిరి వదిలి ఆపమంటే గాని ఆ గురగుర సరిగా వినపడదు. అప్పటికీ వినపడకపోతే నాలుగైదుసార్లు లేచి కూర్చుని మళ్లీ పడుకోమనడం కూడా పుస్తకాల్లో ఉన్న ఉపాయమే. ఒకరి తరువాత ఒకరం ఆమెను తిప్పాం, ఊపిరి ఆపించాం, లేపాం, పడుకోబెట్టాం. పడుకుంటే ఆయాసం వస్తోందనీ, రాత్రిళ్లు కూర్చునే నిద్రపోతోందనీ ఆమె చెప్పిన మాటను అంతకుముందే అందరమూ చక్కగా నోట్సులో రాసుకున్నాం. వద్దంటే మందులివ్వరేమోనని ఆమె నోరు మెదపలేదట. ఆ సంగతి తరువాత కూతురు చెప్పింది. చివరివాళ్ల వంతు వచ్చేసరికి పెదవులు నీలిబారాయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పీజీలు పరుగెత్తుకొచ్చి ఆక్సిజన్ పెట్టి, నీరు తీసే మందు లాసిక్స్ ఇచ్చి గట్టెక్కించారు. మర్నాడు తెల్లకోట్లు కనపడగానే ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగింది. ఈ పేషెంట్ సహకరించడం లేదంటూ సారు పక్క మంచానికి నడిచారు. ఆయన మీద నా కోపం ఆ మాట దగ్గరే ఇప్పటికీ ఆగి ఉంది.

అందుకే ఒక మంచం దగ్గర నలుగురికి మించి చెయ్యి వేయనివ్వకు, పరీక్ష అయ్యేదాకా అక్కడినుంచి కదలకు. ఆయాసపడుతున్న మనిషినీ, నొప్పితో ఉన్న పొట్టనూ ఒక్కరు పరీక్షిస్తే చాలు, మిగిలినవాళ్లు చూస్తారు. తక్కిన పిల్లలను ఖాళీగా నిలబెట్టకుండా, ఒకరిని నాడికీ, ఒకరిని మెడ సిరకూ, ఒకరిని వేళ్ల కొనలు ఉబ్బి గోళ్లు వంపు తిరిగే క్లబ్బింగుకూ ఓపికున్న రోగుల దగ్గరికి పంపి, అరగంటకు వరండాలో చేర్చి చెప్పించు.

టైము లేదంటావు, తెలుసు. 1992లో అమెరికా వైద్యులు కొందరు ప్రకటించిన నిమిషం పద్ధతి నువ్వు చదివే ఉంటావు: ఏమనుకుంటున్నావని విద్యార్థిచేత ఒక నిర్ణయం చెప్పించడం, ఎందుకని అడగడం, ఒక్క సూత్రం నేర్పడం, బాగా చేసింది మెచ్చుకోవడం, తప్పు దిద్దడం. పేరుకు నిమిషమే గాని ఐదు పడుతుంది, అయినా రౌండ్స్ నడుమ ఇమిడిపోతుంది. తప్పు దిద్దడం మాత్రం మంచానికి దూరంగా జరగాలి. తమ్ముడికి లెక్కలు చెబుతూ మొట్టికాయలు వేసినదానివి, నీ ఓపిక సంగతి నాకు తెలియనిదా! ఆ మొట్టికాయల తరువాత వాడికి రహస్యంగా జీళ్లు కొనిపెట్టిందీ నువ్వే, అదీ చూశాను.

2019లో కొత్త పాఠ్యప్రణాళిక వచ్చాక చేసిన పనులు రాసుకునే లాగ్‌బుక్కులో సంతకాల కోసం పిల్లలు వెంటపడుతున్నారని విన్నాను. నీ కళ్లెదుట చేయనిదానికి ఎంత బతిమాలినా సంతకం పెట్టకు.

మొదటి వారం అయ్యాక ఎవరిని ఏ మంచం దగ్గరికి పంపావో, ఏ రోగి వద్దన్నారో, అప్పుడు నువ్వేం చేశావో వివరంగా ఉత్తరం రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ